ఏజ్‌లన్నీ కలగాపులగం అవుతున్నాయి, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది పాలకొండ దగ్గర పల్లెటూరు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇప్పుడు ఎం.ఏ. ఇంగ్లిష్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. చాసర్ నుంచి ఇరవయ్యో శతాబ్దం దాకా పోయెట్రీ, డ్రామా, నావెల్, ప్రోజ్ అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. హాస్టల్ గోడకి ఒక చార్టు అంటించుకున్నాను. ఏజ్ (సాహిత్య యుగం) పేరు, సంవత్సరాలు, ఫీచర్స్, రచయితలు అన్నీ అందులో ఉన్నాయి. పొద్దున చదివితే గుర్తుంటుంది, సాయంత్రానికి రెస్టొరేషన్‌వీ అగస్టన్‌వీ కలిసిపోతాయి. పోయెమ్ చదివితే విడివిడిగా పదాలు తెలుస్తాయి గానీ మొత్తమ్మీద ఏమన్నాడో అర్థం కాదు. గైడ్ చదివితే పరీక్ష గట్టెక్కుతుంది, కానీ చదివినట్టే ఉండదు. యూజీసీ నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) రాయాలని ఉంది. పాత సాహిత్యం వదిలేసి ఇండియన్ రైటింగ్ మీద దృష్టి పెట్టమని సీనియర్లు అంటున్నారు. క్లాసులో ఇంగ్లిష్ మీడియం వాళ్లని చూస్తే టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ పుస్తకాలు కొనాలి?
– ఒక పాఠకురాలు

జవాబు:

ముందు ఆ చార్టుని గోడ మీంచి తీసేయండి. చింపేయక్కర్లేదు, మడిచి పెట్టెలో పెట్టుకోండి, పరీక్షల ముందు వారం పనికొస్తుంది. అందులో ఉన్నవి తప్పులు కావు. కాకపోతే వందల పుస్తకాలు చదివిన వాళ్లెవరో చివర్లో రాసుకున్న మాటలవి. మీరు వాటితో మొదలుపెట్టారు. ఒక్క రెస్టొరేషన్ నాటకం కూడా చదవకుండా రెస్టొరేషన్ ఫీచర్స్ గుర్తుపెట్టుకోవాలంటే ఎవరికైనా కష్టమే.

ఆ పేర్లు అంతగా కలిసిపోవడానికి ఇంకో కారణం ఉంది. తెలుగు సాహిత్య చరిత్రలో నన్నయ యుగం అంటాం, రాయల యుగం అంటాం, ప్రబంధ యుగం అంటాం. ఒకటి కవి పేరు, ఒకటి రాజు పేరు, ఒకటి ప్రక్రియ పేరు. కొలబద్ద ఒకటి కాదు. ఇంగ్లిష్‌లోనూ అంతే. ఎలిజబెతన్ అనేది రాణి పేరు, ఏజ్ ఆఫ్ పోప్ కవి పేరు, రెస్టొరేషన్ ఒక రాజకీయ సంఘటన (1660లో రాజు తిరిగి గద్దెనెక్కడం), రొమాంటిక్ అనేది ఒక ధోరణి. పైగా ఈ పేర్లు చాలావరకు తర్వాతివాళ్లు పెట్టినవే. వర్డ్స్‌వర్త్ తనని తాను రొమాంటిక్ కవి అనుకోలేదు. జాన్ డన్ వర్గానికి ‘మెటాఫిజికల్’ అన్న పేరు స్థిరపడింది శామ్యూల్ జాన్సన్ వల్ల. 1779లో కౌలీ అనే కవి జీవితం రాస్తూ ఆయన ఆ మాట వాడాడు. మెచ్చుకుంటూ కాదు, తప్పుపడుతూ. అప్పటికి డన్ చనిపోయి దాదాపు నూట యాభై ఏళ్లు. ఆ కవులకి మళ్లీ గొప్ప పేరు రావడంలో టి.ఎస్. ఎలియట్ 1921లో రాసిన వ్యాసానికి పెద్ద పాత్ర ఉంది. ఇక హాప్కిన్స్‌ని ఏ గడిలో వేస్తారు? 1889లో చనిపోయాడు, కాబట్టి విక్టోరియన్. కవితలు పుస్తకంగా వచ్చింది 1918లో, కాబట్టి ఆయన్ని తమవాడిగా చదువుకున్నది మోడర్న్ కవులు. జేన్ ఆస్టెన్ నవలలు వచ్చింది సరిగ్గా రొమాంటిక్ కాలంలోనే. మీ చార్టులో ఆ కాలం కింద ఉన్న ఫీచర్లలో ఎన్ని ఆమెకి వర్తిస్తాయో చూడండి.

అందుకని నేను చెప్పేది ఒక్కటే. చార్టులో ఏజ్‌లు అడ్డంగా ఉన్నాయి. మీరు నిలువుగా చదవండి. ఒకే ఒక్క ప్రక్రియని పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా రండి. అది ఎక్కడ మారిందో చూసి, ఎందుకు మారిందని అడగండి. ఏజ్‌లు ఆ జవాబుల్లోంచి వాటంతటవే బయటికొస్తాయి.

మొదటి ప్రక్రియగా సానెట్‌ని తీసుకోమంటాను. కారణం చాలా మామూలుది. పద్నాలుగు లైన్లే ఉంటుంది. పది సానెట్లు చదివితే 140 లైన్లు. ఆ 140 లైన్లలో నాలుగు వందల ఏళ్లు వచ్చేస్తాయి. ఇంత చవగ్గా ఇంకే ప్రక్రియలోనూ రావు.

థామస్ వయట్‌తో మొదలుపెట్టండి. ఎనిమిదో హెన్రీ కొలువులో పనిచేసినవాడు, ఇటలీ కవి పెట్రార్క్ సానెట్లని ఇంగ్లిష్‌లోకి తెచ్చినవాడు. ‘హూసో లిస్ట్ టు హంట్’ చదవండి. పెట్రార్క్ కవితలో తెల్లని లేడి కనబడుతుంది, కవి దాన్ని చూస్తూ మైమరచిపోతాడు. వయట్ దగ్గరికి వచ్చేసరికి అదే లేడి వెనక ఓ వేటగాళ్ల గుంపే పరిగెడుతోంది, కవి అందరికన్నా వెనకబడి అలిసిపోయి ఉన్నాడు. లేడి మెడలో ‘నేను సీజర్ సొత్తుని’ అని రాసి ఉంది. ఆ లేడి హెన్రీ రాజు పెళ్లాడిన ఆన్ బొలీన్ అని చాలామంది అంటారు. కావచ్చు, కాకపోవచ్చు. కానీ ఒక రాజు కొలువులో బతికే మనిషి భయం, విసుగు ఆ లైన్లలో తెలుస్తాయి. 1536లో ఆన్ బొలీన్ పతనమైనప్పుడు వయట్‌ని కూడా లండన్ టవర్‌లో ఖైదు చేశారు. ‘రినైజాన్స్‌లో ఇటలీ ప్రభావం’ అని గైడ్‌లో ఒక పాయింటు ఉంటుంది కదా, ఆ పాయింటు అసలు రూపం ఈ పద్నాలుగు లైన్లు.

తర్వాత షేక్‌స్పియర్ 130వ సానెట్. ఆయన సానెట్లు 1609లో అచ్చయ్యాయి, మొత్తం 154. 130వది తెలుగు చదువుకున్న వాళ్లకి చాలా సులువుగా అందుతుంది. పద్మాల్లాంటి కళ్లు, చంద్రుడిలాంటి మొహం, తుమ్మెదల్లాంటి కురులు అని మనకి ఒక వరస ఉంది కదా. వాళ్లకీ అలాంటి వరస ఒకటి తయారైంది: సూర్యుడిలాంటి కళ్లు, పగడంలాంటి పెదాలు, మంచులాంటి రొమ్ము. షేక్‌స్పియర్ వాటిని ఒక్కొక్కటే తీసుకుని మా అమ్మాయి అలా లేదు, అలా లేదు అంటూ పోయి, చివరి రెండు లైన్లలో తిప్పికొడతాడు. వయట్ కొత్తగా తెచ్చిన ప్రక్రియ తొంభై ఏళ్లు తిరక్కుండానే ఎగతాళి చేయదగ్గంత పాతబడిపోయింది. అసలు సాహిత్య చరిత్ర అంటే ఇదే.

డన్ అదే ప్రేమ భాషని దేవుడి మీదికి తిప్పుతాడు, ‘బ్యాటర్ మై హార్ట్’లో. ప్రియురాలిని బతిమాలే కవిత్వం పోయి, నన్ను బద్దలు కొట్టు, లొంగదీసుకో అని దేవుణ్ణి పిలిచే కవిత్వం వచ్చింది. మిల్టన్ మళ్లీ దాన్ని రాజకీయాల్లోకి తీసుకొస్తాడు. 1655లో ఇటలీలోని పీడ్‌మాంట్‌లో జరిగిన ఊచకోత మీద రాసిన సానెట్‌లో ప్రేమ మాటే లేదు, ఉన్నదంతా కోపం. తన గుడ్డితనం మీద రాసిన సానెట్ కూడా చదవండి, దాని గురించి కింద ఇంకొంచెం చెబుతాను.

మిల్టన్ తర్వాత ఒక విచిత్రం. సానెట్ దాదాపుగా కనబడకుండా పోతుంది. డ్రైడెన్, పోప్ కాలమంతా రెండేసి లైన్ల హీరోయిక్ కప్లెట్‌దే. వ్యంగ్యం, వాదన, తెలివి. ఒక మనిషి తనలో తాను మాట్లాడుకునే చిన్న కవితకి అప్పుడు గిరాకీ లేదు. రెస్టొరేషన్ (డ్రైడెన్ కాలం), అగస్టన్ (పోప్ కాలం) నాకు కలిసిపోతున్నాయి అన్నారు కదా, ముందు వాటిని కలిపే గుర్తుపెట్టుకోండి, సానెట్ లేని కాలంగా. ఒక కాలాన్ని అందులో ఏముందో చూసే కాదు, ఏం లేదో చూసి కూడా పట్టుకోవచ్చు.

దాన్ని తిరిగి తెచ్చిన వాళ్లలో ముందుండే పేరు షార్లట్ స్మిత్. భర్త అప్పుల పాలై జైల్లో ఉంటే, పిల్లల్ని పోషించుకోవడానికి కలం పట్టుకున్న మనిషి. ఆమె ‘ఎలీజియాక్ సానెట్స్’ 1784లో వచ్చాయి. చాలా గైడ్లలో ఆమె పేరుండదు, నాకది కోపం తెప్పించే విషయం. సముద్రం పొంగి శ్మశానాన్ని కోసేస్తుంటే ఎముకలు ఇసకలో తేలే దృశ్యం మీద ఆమె రాసిన సానెట్ చదివి, తర్వాత వర్డ్స్‌వర్త్ ‘వెస్ట్‌మినిస్టర్ బ్రిడ్జ్’ (1802) చదవండి. ప్రకృతిని చూస్తూ తన మనసుని తాను తడుముకునే ఆ పద్ధతి ఆయనతోనే పుట్టలేదని తెలుస్తుంది. ఆపైన షెల్లీ ‘ఓజిమాండియాస్’ (1818), 1877లో రాసిన హాప్కిన్స్ ‘ది విండ్‌హోవర్’. ఇది మొదటిసారి అర్థం కాదు, ఎవరికీ కాదు, కంగారు పడొద్దు. ఆ తర్వాత విల్‌ఫ్రెడ్ ఓవెన్ ‘యాంథమ్ ఫర్ డూమ్డ్ యూత్’. యుద్ధంలో దెబ్బతిని 1917లో ఎడిన్‌బరా దగ్గర ఆస్పత్రిలో ఉన్నప్పుడు రాశాడు. మొదటి ఎనిమిది లైన్లలో తుపాకుల చప్పుడు, చివరి ఆరు లైన్లలో ఊళ్లో మిగిలినవాళ్ల మౌనం. ఆయన యుద్ధం ముగియడానికి వారం ముందు, 1918 నవంబరు 4న చనిపోయాడు. ప్రేమ కోసం పుట్టిన ఆకారంలో చావుని పెట్టడం ఎందుకు అని మీరే ఒక పేజీ రాసి చూడండి. చివరిగా క్లాడ్ మెకే. జమైకాలో పుట్టి అమెరికా వెళ్లిన నల్లజాతి కవి. 1919 వేసవిలో నల్లవాళ్ల మీద దాడులు జరుగుతుంటే ‘ఇఫ్ వి మస్ట్ డై’ రాశాడు. పక్కా షేక్‌స్పియర్ పద్ధతి సానెట్. వలస పాలన బళ్లో నేర్పిన ఆకారాన్నే తిరగబడడానికి వాడుకున్నాడు.

చూశారా, పెట్రార్క్ ప్రభావం దగ్గర్నుంచి పోస్ట్‌కలోనియల్ దాకా మీ చార్టులో సగం వచ్చేసింది.

ఇప్పుడు పోయెమ్ అర్థం కావట్లేదన్న మాటకి వద్దాం. మీరు లైను లైనుగా చదువుతున్నారేమో అని నా అనుమానం. లైను కాదు, వాక్యం చదవాలి. ఫుల్‌స్టాప్ ఎక్కడుందో వెతకండి. ఆ వాక్యానికి అసలు క్రియ ఏదో పట్టుకోండి. మిల్టన్ గుడ్డితనం సానెట్‌లో ‘నేను తలచుకున్నప్పుడు’ అని మొదలైన వాక్యంలో అసలు క్రియ ‘అడుగుతాను’ ఎనిమిదో లైన్లో వస్తుంది. అంతదాకా ఊపిరి బిగబట్టాలి. ఇంగ్లిష్‌కి ఇది అలవాటు లేని పని, మనకి మాత్రం పుట్టినప్పటి నుంచీ అలవాటే. తెలుగులో క్రియ చివరే కదా వచ్చేది! అది దొరికాక, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ఎక్కడ మాట మలుపు తిరిగింది అని చూడండి. సానెట్‌లో మలుపు సాధారణంగా ఎనిమిదో లైను తర్వాత ఉంటుంది. మిల్టన్ ఎనిమిదో లైను మధ్యలోనే తిప్పేస్తాడు. కవితలో మనిషిలా మాట్లాడే ఓర్పు ఆగలేక ముందే జవాబు చెప్పేసింది! షేక్‌స్పియర్ చాలాసార్లు చివరి రెండు లైన్ల దాకా ఆగుతాడు. ఇదంతా అయ్యాక కవిత సారాంశాన్ని తెలుగులో నాలుగు వాక్యాలు రాసుకోండి. అవును, తెలుగులోనే. ఇంగ్లిష్‌లో రాస్తే కవి మాటలనే అటూ ఇటూ మార్చి రాసేసి అర్థమైందనుకుంటాం. తెలుగులో రాయాలంటే అర్థమైతే తప్ప కుదరదు.

తెలుగు మీడియం టెన్షన్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మీరు స్కూల్లో ఉత్పలమాలకి గణవిభజన చేసే ఉంటారు. భ ర న భ భ ర వ అని లెక్కపెట్టి, యతి ఎక్కడ పడిందో చూసినవాళ్లే. ఛందస్సు అనేది ఒకటి ఉంటుందనీ, దాన్ని లెక్క కట్టొచ్చనీ మీకు ముందే తెలుసు. మీరు ఎవర్ని చూసి భయపడుతున్నారో వాళ్లలో చాలామందికి ఆ అలవాటు లేదు. తేడా ఒక్కటే. మనది గురువు, లఘువు లెక్క, అంటే అక్షరం పలకడానికి పట్టే కాలం. వాళ్లది ఊనిక లెక్క. అయాంబిక్ పెంటామీటర్ అంటే పది సిలబుల్స్, వాటిలో ఒకటి విడిచి ఒకటి నొక్కి పలికితే ఐదు ఊనికలు. తెలుగు మాటల్లో ఆ నొక్కు ప్రధానం కాదు కాబట్టి కంటితో చదివితే మనకది వినబడదు. అందుకని వినండి. లిబ్రివాక్స్‌లో పాత కవిత్వం చదివిన ఆడియోలు ఉచితంగా దొరుకుతాయి. విన్న తర్వాత మీరూ గట్టిగా చదవండి. హాస్టల్లో నవ్వితే నవ్వనీయండి.

సానెట్లు అయ్యాక నాటకం. దీన్ని రచయితల వరసలో కాదు, స్టేజి వరసలో చదవమంటాను. 1576లో జేమ్స్ బర్బేజ్ లండన్ శివార్లలో నాటకాల కోసమే ఒక భవనం కట్టించాడు, దాని పేరే ‘ది థియేటర్’. 1599లో గ్లోబ్ వచ్చింది. పైకప్పు లేని ఆవరణ, మధ్యాహ్నపు వెలుగులో ఆట. హామ్లెట్ మొదటి సీన్ అర్ధరాత్రి కోట మీద జరుగుతుంది, చూసేవాళ్ల నెత్తిన మాత్రం సూర్యుడు. అందుకే పాత్రలు చీకటిని, చలిని మాటల్లో చెప్పాల్సి వచ్చింది. ఆ నాటకాల్లో అంత వర్ణన ఎందుకని విసుక్కునే ముందు ఇది గుర్తుంచుకోండి. ఆడ పాత్రలు మగపిల్లలు వేసేవారు. 1642లో అంతర్యుద్ధం మొదలయ్యాక పార్లమెంటు థియేటర్లు మూయించింది. 1660లో రాజు తిరిగొచ్చాడు, థియేటర్లు తెరుచుకున్నాయి, ఆడవాళ్లే ఆడ పాత్రలు వేయడం మొదలైంది. ఇది రెస్టొరేషన్‌లో అన్నిటికన్నా పెద్ద మార్పు అంటాను నేను. కాంగ్రీవ్ ‘ద వే ఆఫ్ ద వరల్డ్’ (1700)లో మిల్లమాంట్ పాత్రని ఆన్ బ్రేస్‌గర్డిల్ అనే నటి కోసం రాశాడు. పెళ్లికి ముందు షరతులు పెట్టే ఆ సీన్ ఒక్కటి చదివితే చాలు, రెస్టొరేషన్‌ని ఇంక దేనితోనూ కలపరు. ఆఫ్రా బెన్ అనే రచయిత్రి కూడా ఈ కాలంలోనే నాటకాలు రాసి డబ్బు సంపాదించింది.

ఆ తర్వాత 1737 అనే సంవత్సరాన్ని మాత్రం మర్చిపోకండి. ప్రధానమంత్రి వాల్‌పోల్‌ని స్టేజి మీద ఏకిపారేస్తున్నారని ప్రభుత్వం లైసెన్సింగ్ యాక్ట్ తెచ్చింది. ప్రతి కొత్త నాటకాన్నీ ముందుగా లార్డ్ చాంబర్లిన్ అనే రాజాస్థాన అధికారి చూసి ఒప్పుకోవాలి. అలా ఎగతాళి చేసిన వాళ్లలో ముఖ్యుడు హెన్రీ ఫీల్డింగ్. ఆయన నాటకాల బతుకు అక్కడితో ముగిసింది. లా చదువుకున్నాడు, నవలలు రాశాడు. ‘జోసెఫ్ ఆండ్రూస్’ 1742, ‘టామ్ జోన్స్’ 1749. ఒక చట్టం ఒక రచయితని ఒక ప్రక్రియ నుంచి ఇంకో ప్రక్రియకి నెట్టేసింది. ఆ సెన్సార్ పూర్తిగా పోయింది ఎప్పుడనుకున్నారు? 1968లో. బెర్నార్డ్ షా 1893లో రాసిన ‘మిసెస్ వారెన్స్ ప్రొఫెషన్’ లండన్‌లో జనం ముందు బాహాటంగా ఆడడానికి 1925 దాకా ఆగాల్సి వచ్చింది. ఎవరు అడ్డుపడ్డారో మీకిప్పుడు తెలుసు.

నవలకైతే ఎలా అమ్మారు అన్నది అడగండి. విక్టోరియన్ నవలలు అంత లావుగా ఎందుకుంటాయని ప్రతి విద్యార్థీ తిట్టుకుంటాడు. ఒక నవల మూడు సంపుటాలుగా వచ్చేది, ధర 31 షిల్లింగుల 6 పెన్నీలు. మామూలు మనిషి కొనలేడు. అందుకని మ్యూడీ లాంటి అద్దె లైబ్రరీల్లో ఏడాదికి ఒక గినీ (21 షిల్లింగులు) కట్టి ఒక్కో సంపుటం తెచ్చుకునేవాళ్లు. నవల మూడు ముక్కలుగా ఉంటే ఒకేసారి ముగ్గురికి అద్దెకివ్వొచ్చు. ఇంక లైబ్రరీలు మూడు సంపుటాలే కావాలనక ఏమంటాయి? 1894లో ఆ లైబ్రరీలే ఇక గిట్టుబాటు కావట్లేదనడంతో ఆ పద్ధతి కూలిపోయింది, నవలలు చిన్నవయ్యాయి. డికెన్స్ ఇంకో దారి పట్టాడు. నెలకో భాగం షిల్లింగుకి, లేదా వారపత్రికలో సీరియల్. ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా వారం వారం వచ్చింది. తెలుగు వారపత్రికల సీరియల్స్ కోసం ఎదురుచూసిన మీ అమ్మగారి తరాన్ని అడిగితే, అధ్యాయం చివర ఉత్కంఠ ఎందుకుంటుందో గైడ్ కన్నా బాగా చెబుతారు.

నవలలన్నీ పూర్తిగా చదవడం ఎం.ఏ. రెండేళ్లలో కుదరదు. కుదురుతుందని చెప్పేవాళ్లని నమ్మొద్దు. నాలుగైదు మాత్రం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవండి. మిగతావాటికి మొదటి రెండు అధ్యాయాలు, ఒక కీలకమైన అధ్యాయం, ఆపైన సారాంశం. నా ఎంపికలో ఒక జంట తప్పకుండా ఉంటుంది: ‘జేన్ ఐర్’ (1847), దాని పక్కన జీన్ రీస్ ‘వైడ్ సర్గాసో సీ’ (1966). మొదటి నవలలో మేడమీద బంధించి ఉంచిన పిచ్చిదాని కథని రెండోది ఆమె వైపు నుంచి చెబుతుంది. ఇంకో జంట మీకే ప్రత్యేకం: గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ (1766), దాని ప్రేరణతో కందుకూరి వీరేశలింగం రాసిన ‘రాజశేఖర చరిత్ర’. ఇంగ్లండ్‌లో మతగురువు కుటుంబానికి వచ్చిన కష్టాలు గోదావరి ఒడ్డున ఒక బ్రాహ్మణ కుటుంబం దగ్గరికి వచ్చేసరికి ఏమేం మారాయి, ఏవి మారలేదు? సెమినార్ పేపర్‌కి ఇంతకన్నా మంచి విషయం నాకు తోచడం లేదు. మీ క్లాసులో రెండు భాషల్లోనూ చదవగలిగినవాళ్లే దాన్ని రాయగలరు.

వ్యాసాల గురించి ఎక్కువ చెప్పను. బేకన్ (1597), 1711లో మొదలైన అడిసన్, స్టీల్‌ల పత్రిక ‘స్పెక్టేటర్’, చార్లెస్ లాంబ్. మూడింటిలోంచి ఒక్కో వ్యాసం చదివి, ఏ వ్యాసకర్త పాఠకుణ్ణి ఎంత దగ్గరగా కూర్చోబెట్టుకున్నాడో చూడండి. చాసర్‌కి మాత్రం ఒక మాట. ఆయన ఇంగ్లిష్ చూసి బెదరొద్దు. హార్వర్డ్ వాళ్ల చాసర్ వెబ్‌సైట్‌లో ప్రతి లైను కింద నేటి ఇంగ్లిష్ అర్థం ఉంటుంది. ‘కాంటర్‌బరీ టేల్స్’ ప్రోలాగ్ మొదటి పద్దెనిమిది లైన్లు, తర్వాత వైఫ్ ఆఫ్ బాత్, పార్డనర్ చెప్పే కథలు. చాలు. పాత ఇంగ్లిష్ కావ్యం బేవుల్ఫ్‌ని అనువాదంలోనే చదవండి, కవి షేమస్ హీనీ చేసిన అనువాదం బాగుంటుంది.

గైడ్ సంగతి. పూర్తిగా మానేయమని నేను చెప్పను, ఇంటర్నల్స్ తేదీలు నాకూ తెలుసు. కానీ వరస మార్చండి. ముందు మూలం, తర్వాత మీ నాలుగు తెలుగు వాక్యాలు, ఆఖర్న గైడ్. అప్పుడు గైడ్‌తో పోట్లాడ్డం మొదలుపెడతారు. పేపర్లు దిద్దే మా బాధ కూడా వినండి. ‘రెస్టొరేషన్ డ్రామాలో స్త్రీ పాత్రలు బలంగా ఉంటాయి’ అన్న వాక్యం కట్టలో ప్రతి పేపర్లోనూ ఉంటుంది. దాని పక్కన మిల్లమాంట్ పెట్టిన ఒక్క షరతు, ఆ పాత్ర వేసిన నటి పేరు కనబడితే చెయ్యి దానంతటదే మార్కు ఎక్కువ వేస్తుంది.

నెట్ విషయంలో మీ సీనియర్లు చెప్పినదానికన్నా సిలబస్ చూడటం మేలు. రెండో పేపర్లో 100 ప్రశ్నలు, 200 మార్కులు. పది యూనిట్లలో మొదటి నాలుగు వరసగా డ్రామా, పోయెట్రీ, ఫిక్షన్, నాన్‌ఫిక్షనల్ ప్రోజ్. అంటే వాళ్లు కూడా ప్రక్రియల వారీగానే విడదీశారు. ఫలానా నాలుగు రచనల్ని కాలక్రమంలో పెట్టండి అనే ప్రశ్నలు వస్తూనే ఉంటాయి. పైన చెప్పిన పద్ధతిలో చదివితే 1642, 1660, 1737, 1894 లాంటివి కథలతో సహా గుర్తుండిపోతాయి, మిగతా రచనల్ని వాటికి ముందో తర్వాతో పెట్టుకోవచ్చు. స్నేహితురాలితో ఇంకో పని కూడా చేయండి. కేంబ్రిడ్జ్‌లో ఐ.ఏ. రిచర్డ్స్ విద్యార్థులకి కవి పేరు, కాలం చెప్పకుండా కవితలిచ్చి ఏమనిపించిందో రాయమనేవాడు, దానిమీదే 1929లో పుస్తకం రాశాడు. మీరూ పేర్లు చెరిపేసి ఒకరికొకరు కవితలు ఇచ్చుకుని, ఏ కాలానిదో, ఏ ఆధారంతో అలా అనుకున్నారో చెప్పుకోండి. కాలం తప్పు చెప్పినా ఫర్వాలేదు. ఆధారం చూపించలేకపోతే మాత్రం మళ్లీ చదవాలి.

ఇండియన్ రైటింగ్ మీద ఇష్టం ఉంటే స్పెషలైజేషన్‌గా తీసుకోండి, అందులో ఆక్షేపణేమీ లేదు. కాకపోతే పాతది తప్పించుకోవడానికి అటు వెళ్తే అక్కడా అదే ఎదురవుతుంది. ఇంగ్లిష్‌లో రాసిన తొలితరం భారతీయ కవి డెరోజియో భారతదేశాన్ని సంబోధిస్తూ రాసింది సానెట్టే. ఇరవై ఒక్క ఏళ్లకే చనిపోయిన తోరు దత్ తమ తోట గురించి, తామరపువ్వు గురించి రాసినవీ సానెట్లే. మన దగ్గర ఇంగ్లిష్ సాహిత్యాన్ని పాఠంగా పెట్టడం వెనక వలస పాలన రాజకీయం ఎంత ఉందో గౌరీ విశ్వనాథన్ ‘మాస్క్స్ ఆఫ్ కాంక్వెస్ట్’ (1989)లో రాశారు. మీరు రెండో ఏడు చదవాల్సిన పుస్తకం అది, ఇప్పుడే కాదు.

ఇక కొనాల్సినవి. మీరనుకుంటున్నంత లేవు. ఎం.హెచ్. అబ్రామ్స్ ‘గ్లాసరీ ఆఫ్ లిటరరీ టర్మ్స్’ ఒకటి సొంతంగా ఉండాలి, పాత ఎడిషన్ అయినా ఫర్వాలేదు. సాహిత్య చరిత్ర ఒకటి చాలు, లైబ్రరీలో ఏది ఉంటే అది. షేక్‌స్పియర్ మూలపాఠాలు ఫోల్జర్ వాళ్ల సైట్‌లో ఉచితంగా ఉన్నాయి, పాత నవలలు చాలావరకు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ సైట్‌లో దొరుకుతాయి. ఫోన్లో నవల చదవలేకపోతే విజయవాడ వెళ్లినప్పుడు లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల షాపుల్లో వెతకండి, హైదరాబాద్‌లో అయితే ఆదివారం ఆబిడ్స్. కొనేటప్పుడు పేజీలు తిరగేసి చూడండి. ‘అబ్రిడ్జ్‌డ్’ అని చిన్న అక్షరాల్లో ఉంటే పెట్టేయండి. వెనక వివరణలు, నోట్స్ ఉన్న కాపీకి ఇరవై ముప్పై రూపాయలు ఎక్కువడిగినా తీసుకోండి.